పండగ రేపు కాదు, ఎల్లుండి

అమెరికాలో, అరోరా ఊళ్లో మా తెలుగు చర్చి హాల్లో ఒక కథ చాలాసార్లు చెప్పాను. సూడాన్ సైనికుల రంజాన్ కథ. భోజనాలయ్యాక పిల్లలు "అంకుల్, ఆ మూన్ స్టోరీ చెప్పండి" అని చుట్టూ చేరేవాళ్లు. కెప్టెన్ పండగ కేకు పట్టుకొస్తే ఆ సైనికులింకా ఉపవాసంలోనే ఉన్నారు అనే చోట అందరూ నవ్వేవాళ్లు. ఆ కథలో నేను టైపు మిషన్ ముందు కూర్చున్న గుమాస్తాని. అంతకుమించి నాకు పాత్ర లేదు.

నిజానికి, ఆ కేకు ముందురోజు రాత్రి తొమ్మిది గంటల పది నిమిషాలకి నాకొక ఫోన్ వచ్చింది. ఆ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను ఆ పోస్టులో, అంటే అమెరికా సైనిక స్థావరంలో, దిగింది 1982 డిసెంబరులో. దక్షిణాది రాష్ట్రం. పోస్టు పేరు రాయను, తప్పు దానిది కాదు గనక. ఎర్రమట్టి నేల. ఎటు చూసినా పైన్ చెట్లు. బస్సు దిగేసరికి సన్నని వాన. ఒక డఫెల్ బ్యాగు, రెండు జతల బూట్లు, మా అక్క ఇచ్చిన తెలుగు బైబిలు, ఇవీ నా సామాను. మా అక్క నర్సు. ఆవిడ స్పాన్సర్ చేస్తే 1977లో చీరాల నుంచి ఇల్లినాయ్ వచ్చాను. రెండేళ్లు చిన్నాచితకా పనులు చేసి సైన్యంలో చేరాను. నా రాతకోతలు శుభ్రంగా ఉంటాయని ఆఫీసు పనిలో పెట్టారు. 

ఆ పోస్టులో విదేశీ సైనికులకి శిక్షణ ఇచ్చేవాళ్లు. నేను వెళ్లిన వారానికే సూడాన్ నుంచి పన్నెండు మంది వచ్చారు. మందుపాతరలు తీయడం, పేలుడు పదార్థాలు వాడటం మీద ఎనిమిది నెలల కోర్సు. వాళ్ల భోజనం, బస, వైద్యం, సెలవుల కాగితాలు నా పని.

మా కెప్టెన్ నెమ్మదస్తుడు. మొదటి రోజే పిలిచి వాళ్ల దేశం సెలవుల జాబితా తయారు చెయ్యమన్నాడు.

"కదలని తేదీలు టైపు చెయ్యి. కదిలేవుంటే పెన్సిల్‌తో రాయి. పెన్సిల్ కనబడితే ఆ రోజుకి అటూ ఇటూ నేనేమీ పెట్టను," అన్నాడు.

ఇంతకంటే తేలికైన ఆర్డరు నా సర్వీసులో నాకెవరూ ఇవ్వలేదు.

వాళ్ల నాయకుడు సార్జెంట్ ఇద్రీస్. ముప్పై అయిదేళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా, వెదురుగడలా ఉండేవాడు. ఇంగ్లీషు కొంచెమే, కానీ తడబడేవాడు కాదు. నన్ను "హిందీ" అని పిలిచేవాడు. అరబ్బీలో భారతీయుడని అర్థం. నా భాష తెలుగని ఎన్నిసార్లు చెప్పినా, "సరే హిందీ, టీ తాగుతావా?" అనేవాడు. చిన్న గాజు గ్లాసులో సగం చక్కెరే ఉండేది.

జనవరి ఒకటి వాళ్ల స్వాతంత్ర్య దినం. ఉదయం ఏడింటికి, చలిలో, బ్యారక్ వెనక పన్నెండు మందీ వరసగా నిలబడి జాతీయగీతం పాడారు. మావాళ్లు రాత్రి పార్టీల మత్తులో నిద్రపోతున్నారు. గేటు దగ్గర కాపలావాడు నన్నడిగాడు, వీళ్లు కూడా న్యూ ఇయర్ చేసుకుంటున్నారా అని. ఇద్రీస్‌కి చెబితే నవ్వాడు. "మా స్వాతంత్ర్య దినానికి మీ దేశమంతా టపాకాయలు కాల్చింది. మా కృతజ్ఞతలు చెప్పు."

జనవరి ఏడు వాళ్లలో ఉన్న కాప్టిక్ క్రైస్తవ కార్పొరల్‌కి, వాళ్ల పాత కేలెండర్ ప్రకారం, క్రిస్మస్. నేను చీరాల బాప్టిస్టుని. క్రిస్మస్ అయిపోయి రెండు వారాలైందని అతనితో వాదించాను. "నీది అయిపోయింది," అన్నాడు. ఆ రోజు అతనికి స్టోరు కాపలా పడింది. ఇద్రీస్ వెళ్లి అతని బదులు ఆరుగంటలు నిలబడ్డాడు.

మార్చి మూడు ఐక్యతా దినం. ఉత్తరం దక్షిణం మధ్య పాత యుద్ధం ముగిసిన ఒప్పందానికి గుర్తు. ఆ రోజు వాళ్లు టీ తాగారు, రేడియో విన్నారు, పెద్దగా మాట్లాడుకోలేదు. ఇంటి నుంచి కబుర్లు బాగాలేవని కార్పొరల్ చెప్పాడు. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ యుద్ధం మొదలైంది.

వసంతంలో వాళ్ల ఈస్టరు మర్నాడు ఇంకో సెలవు. ముస్లిములూ క్రైస్తవులూ కలిసి ఆరుబయట కూర్చుని ఉప్పుచేప తినే పండగ. ఎక్కడ సంపాదించారో ఒక డబ్బా తెచ్చి విప్పారు. ఎదుటి బ్యారక్ వాళ్లు మురుగు పైపు పగిలిందని ఫిర్యాదు చేశారు. ఆ వాసనకి నోరూరినవాణ్ని పోస్టు మొత్తంలో నేనొక్కణ్నే. చీరాల బజారు గుర్తొచ్చింది. రెండు ముక్కలు తిన్నాను.

ఇవన్నీ నా జాబితాలో ఉన్నాయి. అన్నీ సరిగ్గా జరిగాయి. మే నెలలో కెప్టెన్, "నీ జాబితా ఒక్కసారి కూడా తప్పలేదు, స్పెషలిస్ట్," అన్నాడు. స్పెషలిస్ట్ అప్పటి నా హోదా. సార్జెంటు పదోన్నతికి నా పేరు పంపిస్తున్నానని కూడా అన్నాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు.

జూన్‌లో రంజాన్ నెల మొదలైంది. మధ్యాహ్నానికి ఎండ తొంభై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటేది. తడిగాలి, ముఖం చుట్టూ ముసురుకునే సన్నని పురుగులు. వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి తినేవాళ్లు, మెస్ వాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేశాను. తర్వాత సాయంత్రం ఎనిమిదీ యాభై దాకా గుక్కెడు నీళ్లు కూడా లేవు. ఎవరూ పడిపోలేదు. ఎవరూ డ్యూటీ తప్పలేదు.

పండగ రోజు జాబితాలో పెట్టాలి. ఇద్రీస్‌ని అడిగాను. "మంగళవారం. లేకపోతే బుధవారం. నెలవంక చెబుతుంది," అన్నాడు.

ఈ సంగతి నాకు ఆయన చెప్పాల్సిన పని లేదు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. రంజాన్ ముందురోజు సాయంత్రం, రేపు ఆఫీసుందో లేదో తెలుసుకోడానికి ఆయన మసీదు వీధికి నడిచి వెళ్లేవాడు. డాబాల మీద జనం పడమటి వైపు చూస్తూ ఉండేవాళ్లు. నెలవంక కనబడకపోతే వచ్చి, "పండగ రేపు కాదు, ఎల్లుండి," అని అమ్మతో చెప్పి మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. కేలెండర్‌లో ఎర్రంకె ఉన్నంత మాత్రాన సెలవు కాదని చీరాలలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పోస్టులో అమెరికా యూనిఫాం వేసుకున్నవాళ్లలో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

అయినా మంగళవారం అని టైపు చేశాను. శుభ్రమైన కాగితం మీద పెన్సిల్ గీత ఉండటం నాకిష్టం లేకపోయింది. ఇంకో కారణం ఏమీ లేదు.

కెప్టెన్ చూసి, "ఖాయమేనా?" అని అడిగాడు.

"ఖాయం సర్. మా ఊళ్లో కూడా ఇదే పండగ."

ఆయన బుధవారానికి కోర్సు ఆఖరి పరీక్ష పెట్టాడు. పోస్టుకి దూరంగా ఉన్న రేంజిలో, అంటే పేలుళ్లు సాధన చేసే మైదానంలో, నిజమైన పేలుడు పదార్థాలతో. ట్రక్కు 05:30కి బయల్దేరాలి. 06:15కి భద్రతా సూచనలు. అవి విననివాణ్ని గేటు దాటనివ్వరు. తొమ్మిదికి రేంజి వేరే దళానికి ఇవ్వాలి. మంగళవారం అదే రేంజి మా పక్క కంపెనీ సైనికుల పేరున ఉంది. 

సోమవారం మధ్యాహ్నం ఉరుములతో వాన పడింది. సాయంత్రం పడమటి ఆకాశం మూసుకుపోయే ఉంది. వాళ్లు ఫుట్‌బాల్ మైదానంలో మెట్లెక్కి చూస్తున్నారు. ఆ రోజు డ్యూటీ బల్ల నాది. ఒక ఫోను, గంటగంటకీ జరిగింది రాసే ఒక లాగ్ పుస్తకం, ఒక బల్లదీపం. 21:10కి ఫోను మోగింది.

"హిందీ, నెలవంక లేదు. రేపు ముప్పయ్యో ఉపవాసం. పండగ బుధవారం. ప్రార్థన సూర్యుడు వచ్చాక. కెప్టెన్‌కి చెబుతావా?"

"చెబుతాను," అన్నాను.

"ఇప్పుడే?"

"ఇప్పుడే."

కెప్టెన్ ఇంటి నంబరు బల్ల మీద అద్దం కింద ఉంది. ఆయన ఒక్క ఫోను చేస్తే పక్క కంపెనీ వాళ్లు రోజు మార్చుకునేవాళ్లు. అంతకుముందు రెండుసార్లు అలా మార్చుకున్నారు కూడా. నేను రిసీవరు ఎత్తాను. ఖాయమేనా అని ఆయన అడిగిన మాట గుర్తొచ్చింది. నా పదోన్నతి తేల్చే బోర్డు గురువారం. రిసీవరు పెట్టేశాను. లాగ్ పుస్తకంలో 21:00 నుంచి 22:00 గడిలో "విశేషం ఏమీ లేదు" అని రాశాను. నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

పొద్దున చెబుదామనుకున్నాను. పొద్దున ఎనిమిదికి కెప్టెన్ రేంజి అధికారులతో ఉన్నాడు. తొమ్మిదిన్నరకి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. పదింటికి పక్క కంపెనీ రేంజి నుంచి తిరిగొచ్చింది. ఇక మార్చుకోడానికి రోజు లేదు.

పదకొండుకి ఇద్రీస్ ఆఫీసుకి వచ్చాడు. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. కెప్టెన్ ఏమన్నాడని అడిగాడు. అప్పటికైనా నిజం చెప్పొచ్చు. 

"చెప్పాను. ట్రక్కు ఏడింటి దాకా ఆగుతుంది," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్లలో ఎన్నో విధాల సమర్థించుకున్నాను. ట్రక్కు డ్రైవరుని నేనే ఆపగలననుకున్నాను. వాళ్లు తెల్లారకుండానే ప్రార్థన చేసుకుంటారనుకున్నాను. ఇవన్నీ తర్వాత అల్లుకున్నవి. ఆ క్షణంలో ఆయన నా ఎదుట నుంచి వెళ్లిపోతే చాలనిపించింది, అంతే. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నం కెప్టెన్ పెద్ద కేకు తీసుకుని బ్యారక్‌కి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. వాళ్ల భాషలో శుభాకాంక్షలు ఎలా చెప్పాలో దారిలో నాతో రెండుసార్లు అనిపించుకున్నాడు. వాళ్లందరూ లేచి నిలబడ్డారు. కేకు తీసుకున్నారు. ఎవరూ ముట్టుకోలేదు.

"రేపు తింటాం సర్," అన్నాడు ఇద్రీస్.

కెప్టెన్ నా వైపు చూశాడు. ఉపవాసాలు అయిపోలేదా అని మెల్లగా అడిగాడు. వాళ్ల పద్ధతి ఇంతే సర్, పొద్దుపోయాక తింటారు అని చెప్పాను. ఆయన తలూపాడు. ఈ కెప్టెన్‌కి అంతా తెలుసు, ఒక రోజు ముందే అభినందించడానికి వచ్చాడు అని ఇద్రీస్ అనుకున్నాడు. ఈ సార్జెంటు మర్యాదస్తుడు, కేకు దాచుకుంటున్నాడు అని కెప్టెన్ అనుకున్నాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకున్నారు. వాళ్ల మధ్య నేను నిలబడి ఉన్నాను. చర్చి హాల్లో అందరూ నవ్విన చోటు ఇదే.

బుధవారం 05:20. ట్రక్కు బ్యారక్ ముందుంది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. కెప్టెన్ అప్పటికే రేంజిలో ఉన్నాడు. 05:30 అయింది. ఎవరూ ఎక్కలేదు. కాసేపు ఆగుదామని డ్రైవరుతో అన్నాను. అతను సిగరెట్టు ముట్టించి, "ఆగేది నువ్వయితే నాకేం," అన్నాడు. 06:15 దాటింది. 06:20కి రేడియోలో కెప్టెన్ గొంతు పలికింది.

"నావాళ్లెక్కడ?"

"మైదానంలో ఉన్నారు సర్. తెల్లబట్టల్లో కూర్చున్నారు," అన్నాడు డ్రైవరు.

"ఎవరి ఆర్డరు మీద?"

డ్రైవరు మైకు నా ముందుకి జరిపాడు. నేను బటన్ నొక్కలేదు. తెలీదు సర్ అని అతనే చెప్పాడు.

06:40కి సూర్యుడు పైన్ చెట్ల మీదికి వచ్చాడు. పదకొండు మంది తెల్లని పొడుగాటి అంగీలలో భుజానికి భుజం తగిలేలా నిలబడ్డారు. తడిగడ్డి మీద దుప్పట్లు పరిచారు. వెనక వరసగా పదకొండు జతల బూట్లు, లేసులు వదులు చేసి, ముక్కులు ట్రక్కు వైపు తిప్పి ఉన్నాయి. ఒక్కో జత పక్కన హెల్మెట్టు, నీళ్ల సీసా, మడతపెట్టిన యూనిఫాం. ప్రార్థన అవగానే నిమిషంలో తొడుక్కుని పరిగెత్తేలా అమర్చుకున్నారు. ఆ వస్తువుల దగ్గర కాప్టిక్ కార్పొరల్ పూర్తి యూనిఫాంలో కాపలా ఉన్నాడు. అతను వచ్చి ట్రక్కెక్కొచ్చు. ఎక్కలేదు.

నేను చాలా చూశాను. మనుషులు గాయపడటం కూడా చూశాను. కళ్లు మూసుకుంటే వచ్చేది మాత్రం ఆ బూట్లు.

06:58కి వాళ్లు ట్రక్కు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఏడుకి రెండు నిమిషాల ముందే. ఇద్రీస్ గడియారం నాకు చూపించి నవ్వాడు. రేంజిలో భద్రతా సూచనలు అప్పటికే అయిపోయాయి, ఆ రోజుకి వాళ్లకి పరీక్ష ఇక లేదు. 

విచారణ మధ్యాహ్నం రెండింటికి, కెప్టెన్ గదిలో. పావుగంట పట్టింది. దళాన్ని పరీక్షకి తీసుకురాలేదన్నది ఇద్రీస్ మీద ఆరోపణ. సోమవారం తొమ్మిది దాటాక గుమాస్తాకి ఫోన్ చేశాననీ, ట్రక్కు ఏడింటి దాకా ఆగుతుందని గుమాస్తా చెప్పాడనీ ఆయన అన్నాడు. 

కెప్టెన్ లాగ్ పుస్తకం తెరిచాడు. ఆ గడి మీద వేలు పెట్టాడు. తర్వాత నన్నడిగాడు.

"ఈయన నీకు ఫోన్ చేశాడా?"

"లేదు సర్."

ఇద్రీస్ నన్ను తిట్టలేదు. వాదించలేదు. చాలా శ్రద్ధగా నా ముఖం చూశాడు, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. కెప్టెన్ పుస్తకం మూశాడు.

మిగిలిన పదకొండు మందికి రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టారు. ఇద్రీస్‌ని సర్టిఫికెట్ లేకుండా వెనక్కి పంపారు. కోర్సు పాసై వెళితే ఆయనకి వాళ్ల శిక్షణాలయంలో బోధకుడి ఉద్యోగం సిద్ధంగా ఉందట. పాసు కానివాడికి మళ్లీ దళమే. దళమంటే అప్పుడు దక్షిణాన యుద్ధం. శనివారం ఉదయం బస్సెక్కేటప్పుడు ఆయనకి చెయ్యివ్వడానికి నేను వెళ్లలేదు. ఆఫీసు కిటికీ తెర పక్క నుంచి చూశాను. సార్జెంటు పదోన్నతి నాకు వచ్చింది.

1985లో సైన్యం వదిలి అరోరా వచ్చేశాను. గిడ్డంగిలో సూపర్‌వైజర్ ఉద్యోగం. పెళ్లి, పిల్లలు. చర్చిలో ఆగస్టు పదిహేనుకి ఎవరో ఏదైనా సైన్యం కబురు చెప్పమన్నారు. ఆ కథ అప్పుడే మొదలైంది. జనం నవ్వే కొద్దీ నాకు ధైర్యం వచ్చింది. ఇది నవ్వుకునే సంగతేననీ, నేను చేసింది పెద్ద తప్పు కాదనీ నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

కాప్టిక్ కార్పొరల్ ఏటా జనవరిలో నాకు క్రిస్మస్ కార్డు పంపేవాడు. 1994 కార్డులో నాలుగు వాక్యాలు ఎక్కువ రాశాడు. ఇద్రీస్ దక్షిణాన మందుపాతర పేలి గాయపడ్డాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం. సైన్యం నుంచి తీసేశారు. ఊళ్లో సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు. 

ఆ కార్డు మూడు వారాలు నా చొక్కా జేబులో తిరిగింది. తర్వాత కెప్టెన్‌కి ఉత్తరం రాశాను. అప్పటికి రిటైరయ్యాడు. ఫోను ఎప్పుడొచ్చిందో, నేను లాగ్‌లో ఏం రాశానో, ఇద్రీస్‌తో ఏం చెప్పానో, విచారణలో ఏం చెప్పానో రాసి, నోటరీ ముందు సంతకం చేశాను. ఆయన జవాబు రెండు వాక్యాలే. "నీ వాంగ్మూలం రికార్డులో చేర్చమని పంపాను. నాకు మళ్లీ రాయొద్దు." అలా అనే హక్కు ఆయనకుంది.

దాని నకలు ఇద్రీస్‌కి పంపి, ఫలానా రోజు ఫోన్ చేస్తానని కార్పొరల్ ద్వారా కబురు పెట్టాను. ఆయన పక్కింటి దుకాణంలో ఫోనుంది. ఒక శనివారం ఉదయం పదింటికి చేశాను. నాలుగుసార్లు లైను తెగింది. అయిదోసారి ఎవరో ఆయన్ని పిలిచారు. చెప్పులు ఈడ్చుకుంటూ రావడం వినిపించింది.

"హిందీ," అన్నాడు.

నేను మెల్లగా మొదలుపెట్టాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. పిల్లలిద్దరూ టీవీ ముందున్నారు. ఆ కథ వాళ్లకి కంఠతా వచ్చు. మధ్యలో ఆయన ఆపాడు.

"నీ కాగితం కార్పొరల్ చదివి చెప్పాడు. కాగితం కాగితమే. నాకు వినబడటం లేదు. గట్టిగా చెప్పు."

కొంచెం గొంతు పెంచాను. 

"ఇంకా గట్టిగా."

వంటింట్లో కుళాయి ఆగింది. పెద్దవాడు లేచి టీవీ తగ్గించాడు. మా ఆవిడ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్లని బయటికి పంపాలనిపించింది. పంపలేదు. ఊపిరి పీల్చుకుని, పరేడ్ మైదానంలో అరిచినట్టు అరిచి చెప్పాను.

"సార్జెంట్ ఇద్రీస్, మీరు ఫోన్ చేశారు. నేను కెప్టెన్‌కి చెప్పలేదు. చెప్పానని మీతో అబద్ధమాడాను. ఫోనే రాలేదని విచారణలో అబద్ధమాడాను. మీ తప్పు ఏమీ లేదు. అంతా నేను చేసిందే. నన్ను క్షమించండి."